‘ది సాహెల్’: వాన గీసిన పట్టీని ఇంగ్లీషులో ఎలా రాయాలి

2025 జులై మొదటి తేదీన పశ్చిమాఫ్రికాలోని మాలి దేశంలో, కాయెస్ పట్టణంలోని ఒక సిమెంటు ఫ్యాక్టరీ మీద సాయుధులు దాడి చేసి ముగ్గురు భారతీయుల్ని ఎత్తుకెళ్లారు. వాళ్లలో తెలుగువారు కూడా ఉన్నారు. ఆ వార్త వివరాల కోసం ఇంగ్లీషు కథనాలు వెతికిన తెలుగువాళ్లకు మాలి పేరుతో పాటు అడుగడుగునా ఇంకో పేరు ఎదురైంది: సాహెల్. అది దేశమా, రాష్ట్రమా, ఎడారా, కూటమా అన్నది ఆ కథనాల్లో చాలావాటిలో ఎవరూ విడమరిచి చెప్పరు. పాఠకుడికి తెలుసనుకుని ముందుకెళ్లిపోతారు. తెలియనివాళ్లు సందర్భాన్ని బట్టి ఊహించుకుని, తమ వంతు వచ్చినప్పుడు ‘ఇన్ సాహెల్’ అనో, ‘సాహెల్ కంట్రీ ఆఫ్ ఆఫ్రికా’ అనో రాసేస్తుంటారు.

తప్పు గ్రామర్‌లో ఉన్నట్టు కనిపిస్తుంది. అసలు చిక్కు భూగోళంలో ఉంది. సాహెల్‌కు సరిహద్దు రాళ్లు లేవు. దాని హద్దు వాన. ఈ ఒక్క సంగతి తలకెక్కితే ఆర్టికల్ ఎందుకు పెట్టాలి, విశేషణం ఎక్కడ వాడాలి, ఏ దేశాన్ని ఆ మాటతో పిలవొచ్చు అనే ప్రశ్నలు చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

అరబ్బీలో సాహిల్ అంటే తీరం. హైదరాబాద్ ఉర్దూ చెవిన పడినవాళ్లకు ఈ మాట కొత్త కాదు, మగపిల్లలకు పేరుగా కూడా పెట్టుకుంటారు. సహారాను ఇసుక సముద్రం అనుకుంటే, దాన్ని దాటి దక్షిణానికి వచ్చిన ఒంటెల బిడారుకు మొదట గడ్డి, తుమ్మచెట్లు, బావులు కనిపించే చోటు ఒడ్డు. ఆ మాటను శాస్త్ర పరిభాషలోకి తెచ్చినవాడు ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు ఆగస్త్ షెవాలియే. పశ్చిమాఫ్రికాలోని ఫ్రెంచి వలస ప్రాంతాల వృక్షసంపదను మండలాలుగా విభజిస్తూ 1900లో ఆయన ఎడారికీ, దానికి దక్షిణాన ఉన్న పచ్చిక మైదానాలకూ మధ్య పట్టీకి ఈ పేరు వాడాడు. అంటే ఆధునిక భౌగోళిక పదంగా దాని పుట్టుకే మొక్కల లెక్క, వాన లెక్క. పాలనతో దానికి సంబంధం లేదు.

అట్లాంటిక్ ఒడ్డున సెనెగల్, మారిటానియా దగ్గర మొదలై మాలి, బుర్కినా ఫాసో, నైజర్, నైజీరియా ఉత్తరపు అంచు, చాద్, సుడాన్ మీదుగా ఎర్ర సముద్రం దాకా ఐదు వేల కిలోమీటర్లకు పైగా సాగే పట్టీ ఇది. ఏటా సుమారు 200 నుంచి 600 మిల్లీమీటర్ల వాన పడే నేలను సాహెల్‌గా లెక్కగట్టడం ఎక్కువమంది ఒప్పుకున్న పద్ధతి. కొందరు దిగువ గీతను 100 దగ్గర, ఎగువ గీతను 700 దగ్గర పెడతారు. ఆ వానంతా దాదాపు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. నైజర్ రాజధాని నియామేలో సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. మన అనంతపురం సగటు కూడా ఇంచుమించు అంతే. అనంతపురం రైతుకు సాహెల్ వర్షాకాలం ఎలా ఉంటుందో పటం చూపించి చెప్పనక్కర్లేదు.

వాన హద్దు అయినప్పుడు ఆ హద్దు కదులుతుంది. 1968 తర్వాత వరసగా వచ్చిన కరువు ఏళ్లలో ఈ వాన గీతలు వంద కిలోమీటర్లకు పైగా దక్షిణానికి జరిగాయి. అంతకుముందు సాహెల్ అనిపించుకున్న ఊళ్లు ఎడారి లెక్కలోకి, సవన్నా, అంటే పచ్చిక మైదానం, అనిపించుకున్నవి సాహెల్ లెక్కలోకి వచ్చాయి. తొంభైల తర్వాత కొంత వెనక్కి సర్దుకున్నాయి. అందుకే ‘సాహెల్ సరిహద్దు దాటి’ అని ఇంగ్లీషులో రాసిన వాక్యం చదివితే ఎబ్బెట్టుగా ఉంటుంది. అక్కడ దాటడానికి గేటు, చెక్‌పోస్టు ఏమీ ఉండవు.

ఇక ఆర్టికల్ సంగతి. తెలుగులో ఆర్టికల్ లేదు కాబట్టి మనకు ఇది ఎప్పుడూ టెన్షనే. నదులకు, సముద్రాలకు, ఎడారులకు, పర్వత శ్రేణులకు ‘ది’ పెట్టాలి, దేశాలకు, ఊళ్లకు పెట్టకూడదు అని స్కూల్లో బట్టీ పట్టించారు. ఆ లిస్టులో సాహెల్ లాంటి పేర్లకు చోటు లేదు. దేశం పేరులా కనిపిస్తుంది కాబట్టి ‘ది’ తీసేస్తాం. కానీ పాలనా హద్దులు కాక నేల స్వభావమో చరిత్రో ఒక్కటిగా చేసిన పెద్ద ప్రాంతాల్లో చాలావాటికి ఇంగ్లీషు ‘ది’ తగిలిస్తుంది. ది సహారా, ది మగ్రిబ్, ది లెవాంట్ అలా వచ్చినవే. మన దగ్గరే చూడండి: ఇంగ్లీషు చరిత్ర పుస్తకాల్లో ‘ఇన్ ది డెక్కన్’ అనే ఉంటుంది, ‘ఇన్ డెక్కన్’ అని ఉండదు. పాత రికార్డుల్లో ‘ది నార్తర్న్ సర్కార్స్’, ‘ది కర్నాటిక్’. అదే రాయలసీమకు మాత్రం ‘ది’ లేదు, ఎందుకంటే ఆ పేరు ఇంగ్లీషులోకి ఉన్నదున్నట్టు విశేష నామంగా వచ్చింది. తర్కం పూర్తిగా కుదరదు, వాడుకే తీర్పు. సాహెల్ విషయంలో వాడుక తిరుగులేకుండా ఉంది: ‘ఇన్ ది సాహెల్’, ‘అక్రాస్ ది సాహెల్’. ‘ది’లో టి చిన్నక్షరం, సాహెల్‌లో ఎస్ పెద్దక్షరం.

సాహెల్ అనే మాట మరో నామవాచకానికి ముందు విశేషణంలా నిలబడితే దాని ‘ది’ పోతుంది. ‘సెవరల్ సాహెల్ కంట్రీస్’, ‘ఎ సాహెల్ స్ట్రాటజీ’ అన్నవి సరైనవే. ‘ది సాహెల్ క్రైసిస్’ అన్నప్పుడు కనిపించే ‘ది’ క్రైసిస్‌ది, సాహెల్‌ది కాదు. ‘ది డెక్కన్’ అనేవాళ్లే ‘డెక్కన్ పెయింటింగ్’ అన్నప్పుడు ‘ది’ వదిలేస్తారు కదా, అదే లెక్క. ‘ది సాహెల్ రీజియన్’ అనడం తప్పు కాదు, కాస్త సాగదీత. పేరు తెలియని పాఠకుల కోసం రాస్తుంటే మొదటిసారి రీజియన్ అని పెట్టి తర్వాత వదిలేయడం మంచి అలవాటు.

సాహెలియన్ అనే విశేషణం ఇంకోటి ఉంది. వాతావరణం, మొక్కలు, పంటలు, పశుపోషణ మాట్లాడేటప్పుడు అది ఎక్కువ వినిపిస్తుంది. రాజకీయం, భద్రత, సహాయ నిధులు వచ్చేసరికి సాహెల్ అనే నామవాచకమే విశేషణం పని చేస్తుంది. ఇది కచ్చితమైన సూత్రం కాదు, మొగ్గు మాత్రమే. కానీ ఈ మొగ్గులో ఒక విషయం దాగి ఉంది. సాహెలియన్ అన్నప్పుడు నేల గురించి మాట్లాడుతున్నాం, వానమాపకం సాక్ష్యం చెబుతుంది. సాహెల్ కంట్రీస్ అన్నప్పుడు లిస్టు గురించి మాట్లాడుతున్నాం. ఆ లిస్టు ఎవరిదన్నది చెప్పకపోతే వాక్యం సగమే.

లిస్టులు తక్కువేమీ లేవు. కరువు తీవ్రంగా ఉన్న 1973 సెప్టెంబరులో బుర్కినా ఫాసో రాజధాని వాగడూగులో కొన్ని దేశాలు కలిసి కరువు నిరోధానికి ఒక అంతర్ ప్రభుత్వ కమిటీ పెట్టుకున్నాయి. ఫ్రెంచి పొడి అక్షరాల్లో దాన్ని సిల్స్ అంటారు. సాహెల్ అనే మాట ప్రపంచ వార్తల్లో స్థిరపడింది కూడా ఆ రోజుల్లోనే. పెరుగుతూ పోయిన ఆ కమిటీలో ఇప్పుడు అట్లాంటిక్ నడుమ దీవులైన కాబో వెర్డే ఉంది, అడవులూ కోకో తోటలూ ఉన్న కోత్ దివ్వార్ (ఐవరీ కోస్ట్) ఉంది, టోగో ఉంది. 1998లో లిబియా అధినేత గడాఫీ చొరవతో ట్రిపోలీలో ఏర్పడిన సాహెల్-సహారా దేశాల సంఘం ఇంకా దూరం పోయింది. హిందూ మహాసముద్రంలోని కొమొరోస్ దీవులు కూడా అందులో సభ్యులు! అక్కడి నుంచి సాహెల్ పట్టీకి ఒంటె మీద కాదు, విమానంలో వెళ్లాలన్నా ఆఫ్రికాలో సగం దాటాలి. 2013లో ఐక్యరాజ్యసమితి సాహెల్ కోసం తెచ్చిన సమగ్ర వ్యూహంలో పది దేశాలున్నాయి: బుర్కినా ఫాసో, కామెరూన్, చాద్, గాంబియా, గినీ, మాలి, మారిటానియా, నైజర్, నైజీరియా, సెనెగల్. సుడాన్ అందులో లేదు. వాన పటం మీద చూస్తే సాహెల్‌లో పెద్ద ముక్క సుడాన్‌దే.

2014లో మారిటానియా రాజధాని నువాక్షోత్‌లో పుట్టిన జి-5 సాహెల్ ఆ సంఖ్యను ఐదుకు కుదించింది: మారిటానియా, మాలి, బుర్కినా ఫాసో, నైజర్, చాద్. అభివృద్ధి, భద్రతల్లో సహకారం దాని లక్ష్యం, 2017లో ఉగ్రవాదం మీద ఉమ్మడి సేన కూడా కట్టింది. దాదాపు పదేళ్లపాటు విదేశాంగ శాఖల ఇంగ్లీషులో సాహెల్ అంటే ఈ ఐదే అన్నట్టు నడిచింది. సెనెగల్ అందులో లేకపోవడం ఎవరికీ వింతగా అనిపించలేదు. తర్వాత సైనిక కుట్రల వరస మొదలైంది. మాలి 2022లో బయటికొచ్చేసింది. 2023 చివర్లో బుర్కినా ఫాసో, నైజర్ కూడా వచ్చేశాయి. ఈ మూడూ 2023 సెప్టెంబరు 16న లిప్తాకో-గూర్మా ఒప్పందంతో సొంత కూటమి కట్టుకుని, 2024 జులై 6న నియామేలో దాన్ని కాన్ఫెడరేషన్‌గా ప్రకటించాయి. 2025 జనవరి 29న పశ్చిమాఫ్రికా దేశాల ఆర్థిక కూటమి ఎకోవాస్ నుంచి అధికారికంగా వైదొలిగి, అదే రోజు నుంచి ఉమ్మడి పాస్‌పోర్టులు తెచ్చాయి.

ఆ కూటమి ఇంగ్లీషు పేరు అలయన్స్ ఆఫ్ సాహెల్ స్టేట్స్. ఆ పేరుకు ఇంగ్లీషులో పొడి అక్షరాలు రాస్తే ఏమవుతుందో పాఠకులే కూడబలుక్కోవచ్చు. అందుకేనేమో ఇంగ్లీషు పత్రికలు కూడా ఎక్కువగా ఫ్రెంచి పొడి అక్షరాలైన ఏఈఎస్‌నే వాడుతున్నాయి. తెలుగులోకి తెచ్చేటప్పుడు ఇంకో గుంట ఉంది. స్టేట్స్ కనపడగానే ‘సాహెల్ రాష్ట్రాల కూటమి’ అని రాసేస్తే మొత్తం చెడుతుంది. అవి సర్వసత్తాక దేశాలు.

ఈ మూడు దేశాలు సాహెల్ అనే పేరును తమ జెండా కిందికి తెచ్చుకోవడంతో కొత్త రకం అస్పష్టత వచ్చింది. ‘సాహెల్ లీడర్స్ రిజెక్ట్ ఎకోవాస్’ అని ఇంగ్లీషు శీర్షిక కనిపిస్తే, అక్కడ సాహెల్ అంటే మూడు సైనిక ప్రభుత్వాలు మాత్రమే. సెనెగల్ అధ్యక్షుడూ సాహెల్ నాయకుడే, ఆయన దేశం ఎకోవాస్‌లోనే ఉంది. మారిటానియా ఎకోవాస్‌ను వదిలింది 2000లోనే, ఈ గొడవలకు చాలా ముందు. కూటమి గురించి చెప్పదలిస్తే కూటమి పేరే రాయాలి.

‘ది సెంట్రల్ సాహెల్’ అనే మాట కూడా ఇలాంటిదే. మానవతా సహాయ సంస్థల నివేదికల్లో అది బుర్కినా ఫాసో, మాలి, నైజర్‌లకు ఉమ్మడి పేరు. పటం తీసి అట్లాంటిక్ నుంచి ఎర్ర సముద్రం దాకా మధ్యకు మడత పెడితే ఆ మడత పడేది నైజర్ తూర్పు భాగంలో, మాలి, బుర్కినా ఫాసోల కన్నా చాద్‌కే దగ్గరగా. అయినా చాద్ సెంట్రల్ సాహెల్‌లో లెక్కకు రాదు, మధ్య ఆఫ్రికా లిస్టులో మాత్రం ఉంటుంది. వాడుక అలా పడిపోయింది, మార్చలేం. తెలిసి వాడితే చాలు.

ఒక్క మాలినే దగ్గరగా చూస్తే ‘సాహెల్ దేశం’ అనే మాట ఎంత వదులుగా ఉందో తెలుస్తుంది. ఉత్తరాన ఉప్పు గనుల తౌదేని పూర్తిగా సహారా, అక్కడ ఏళ్ల తరబడి చెప్పుకోదగ్గ చినుకు పడకపోవచ్చు. మధ్యలో తింబక్తు, మోప్తి, పడమటి అంచున కాయెస్ సాహెల్ పట్టీలోవి. దక్షిణాన సికాసోలో వెయ్యి మిల్లీమీటర్లు దాటే వాన, మామిడి తోటలు, పత్తి. రాజధాని బమాకోలో కూడా వాన దాదాపు వెయ్యి మిల్లీమీటర్లు. వాతావరణ శాస్త్రవేత్త దాన్ని సాహెల్ నగరం అనడు, సాహెల్‌కు దక్షిణాన ఇంకా ఎక్కువ వాన పడే సుడానియన్ మండలంలో పెడతాడు. పత్రికల్లో మాత్రం ‘సాహెల్ రాజధాని బమాకో’ అనే తరహా మాట ఎవరూ దిద్దరు, ఎందుకంటే అక్కడ సాహెల్ రాజకీయ అర్థంలో ఉంది. నైజీరియా ఇంకా ముదురు. సొకోటో, బోర్నో లాంటి ఉత్తరపు అంచు ప్రాంతాలు సాహెల్, లాగోస్ మాత్రం కుండపోత వానల సముద్రతీరం. ‘నైజీరియా, ఎ సాహెల్ కంట్రీ’ అని రాస్తే ఐక్యరాజ్యసమితి లిస్టు ప్రకారం సరే, లాగోస్‌లో గొడుగు పట్టుకుని నిలబడ్డవాడికి నవ్వొస్తుంది. ‘నార్తర్న్ నైజీరియా’ అని చెప్పేస్తే పేచీయే ఉండదు.

పైన సుడానియన్ అన్నాం. సాహెల్ పక్కనే ఉన్న పెద్ద గోయి అది. అరబ్బులు సహారాకు దక్షిణాన ఉన్న నల్లవారి నేలను బిలాద్ అల్-సుడాన్ అన్నారు. ఆ పేరు ఖండమంతా అడ్డంగా పరుచుకుంది. ఈనాటి మాలికి ఫ్రెంచి పాలనలో ఫ్రెంచి సుడాన్ అనే పేరుండేది. ఇంగ్లీషు చరిత్ర పుస్తకంలో ‘ది వెస్టర్న్ సుడాన్’ అని ఉంటే అది ఖార్టూమ్ రాజధానిగా ఉన్న దేశపు పడమటి భాగం కాదు. నైజర్, సెనెగల్ నదుల పరీవాహకంలో ఘనా, మాలి, సోంఘాయ్ సామ్రాజ్యాలు వెలసిన నేల. ఆ పాత ఘనా కూడా నేటి ఘనా దేశంలో లేదు. దాని కేంద్రం మారిటానియా ఆగ్నేయ మూలలో ఉండేది. గోల్డ్ కోస్ట్ 1957లో స్వతంత్రమైనప్పుడు ఆ గతవైభవం కోసం పేరు తెచ్చుకుంది. దహోమీ 1975లో బెనిన్ అయింది, చారిత్రక బెనిన్ రాజ్యం మాత్రం నైజీరియాలో ఉంది. పశ్చిమాఫ్రికా పేర్లు ఇలా ఊళ్లు మారుతుంటాయి. ఏ కాలపు పేరో చూసుకోకుండా రాస్తే ఏడెనిమిది వందల ఏళ్ల తేడాతో మనిషిని వేరే దేశంలో దించేస్తాం.

సాహెల్ పేరు కూడా ఒక్కచోట కుదురుగా లేదు. ట్యునీషియాలో సూస్, మొనాస్తిర్, మహ్దియా ఊళ్లున్న తూర్పు తీరాన్ని సాహెల్ అంటారు. అక్కడ మాట అసలు అర్థంలోనే ఉంది, నిజమైన సముద్రం, నిజమైన ఒడ్డు. 2007లో ఆఫ్రికన్ చాంపియన్స్ లీగ్ గెలిచిన ఎత్వాల్ స్పోర్తివ్ దు సాహెల్ సూస్ నగరపు ఫుట్‌బాల్ క్లబ్బు, మాలి, నైజర్‌లతో దానికి సంబంధం లేదు. అల్జీర్స్ చుట్టుపక్కల కొండలకూ ఆ పేరుంది. తూర్పు తీరపు స్వాహిలీ భాష పేరు కూడా ఇదే అరబ్బీ మాట బహువచనం నుంచి వచ్చింది. బుర్కినా ఫాసోలో డోరి కేంద్రంగా ఒక పాలనా విభాగానికే సాహెల్ అనే పేరుండేది, 2025లో దాన్ని లిప్తాకోగా మార్చారు. కాబట్టి బుర్కినా ఫాసో గురించిన పాత నివేదికలో ‘సాహెల్ రీజియన్’ అని ఉంటే అది ఖండపు పట్టీ కాకపోవచ్చు, ఆ ఒక్క విభాగమే కావచ్చు.

దేశాల పేర్లలో దొర్లే పొరపాట్లు చాలావరకు అందరికీ తెలిసినవే. నైజర్, నైజీరియా వేరువేరు, ఇంగ్లీషులో నైజర్ పౌరుడు నైజీరియన్ కాదు. స్పెల్లింగులో చివర ఏఎన్ బదులు ఈఎన్ ఉంటుంది, ఫ్రెంచి పోకడలో ‘నీజేరియెన్’ అంటారు. ప్రూఫ్‌రీడర్లు కూడా ఆ ‘ఈ’ని తప్పనుకుని ‘ఏ’ చేసేస్తుంటారు, కంప్యూటర్ స్పెల్‌చెక్ సంగతి చెప్పనక్కర్లేదు. బుర్కినా ఫాసో వాళ్లు బుర్కినబే. కోత్ దివ్వార్ ప్రభుత్వం తన పేరును ఏ భాషలోకీ అనువదించొద్దని 1985లోనే కోరింది, అయినా ఐవరీ కోస్ట్ ఇంకా చావలేదు. గాంబియా మాత్రం ‘ది’ని పట్టుబట్టి నిలబెట్టుకుంది. కొత్తగా జాంబియా అనే దేశం వస్తుండటంతో గందరగోళం లేకుండా 1964లో వాళ్లే అడిగి ఉంచుకున్నారు. అది దేశం పేరులో భాగం, కాబట్టి టి కూడా పెద్దక్షరమే. సాహెల్‌కు అలా అడిగే ప్రభుత్వం ఏదీ లేదు, దాని ‘ది’ కేవలం వ్యాకరణం.

ఇంకో వాడుక మరీ ఎక్కువైంది. ఇంగ్లీషులో సాహెల్ వచ్చిన వాక్యంలో కరువో, కిడ్నాపో, కుట్రో తప్పకుండా ఉంటుంది. డెబ్బైల కరువు ఫొటోలు ఒక పొర, గత పదిహేనేళ్ల హింస ఇంకో పొర. రెండూ నిజాలే. కానీ ‘సాహెల్ కరువు’ అని ఆ నేల స్వభావమే కరువన్నట్టు రాస్తే కారణం తప్పిపోతుంది. పశువులు ఎక్కువ మేయడం వల్లే నేల ఎండిందని మొదట్లో అక్కడి కాపరుల మీదికి నెట్టారు. తర్వాతి పరిశోధన సముద్రాల ఉపరితల ఉష్ణోగ్రతల్లో వచ్చిన మార్పులే వానను ప్రధానంగా దూరం చేశాయని తేల్చింది. అట్లాంటిక్, హిందూ మహాసముద్రాల్లో జరిగినదానికి ఫూలానీ తెగ పశువుల కాపరి నింద మోశాడు.

ఆ మాటను కొలతతో వాడేవాళ్లు వ్యవసాయ శాస్త్రవేత్తలు. సజ్జ మొదట సాగైంది మాలి ఈశాన్యంలోని ఈ పట్టీలోనే, సుమారు 4,500 ఏళ్ల కిందట, అక్కడి నుంచే అది మన దాకా వచ్చింది. 1972లో సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరులో మొదలైన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1980లలో నియామేకు దక్షిణాన సడోరేలో పరిశోధన కేంద్రం పెట్టింది. దానికి ఇంగ్లీషులో పెట్టిన పేరు సాహెలియన్ సెంటర్. ఆ సంస్థకు బమాకో దగ్గర సమాంకోలో మరో కేంద్రం ఉంది. అక్కడ వాన ఎక్కువ, జొన్నకు అనువు. శాస్త్రవేత్తల పత్రాల్లో ఆ నేల సుడానియన్ జోన్‌గానే ఉంటుంది, మాలి ఎన్ని సాహెల్ కూటముల్లో చేరినా సరే. సడోరే ఇసుక నేలలో తొంభై రోజులకు కోతకొచ్చే సజ్జ విత్తనం కావాలి. సమాంకోలో అంతకన్నా ఎక్కువ కాలం పొలంలో ఉండే రకం కూడా నడుస్తుంది.